తాలు ఏరే ఆట

అద్దంకి బస్టాండుకి పార్సిల్లో నాకొక నవల వచ్చింది. పంపింది చీమకుర్తిలో ఉంటున్న నా స్నేహితురాలు. ఎనిమిదో తరగతిలో, గుంటూరు హాస్టల్లో, పక్కపక్క మంచాల మీద పడుకున్న నాటి నుంచి మా స్నేహం. ఇన్నేళ్లలో పచ్చళ్లు పంపుకున్నాం, పిల్లల ఉయ్యాలకి పాత చీరలు పంపుకున్నాం. పుస్తకం ఇదే మొదటిసారి. లోపల ఉత్తరం ముక్క కూడా లేదు. వెనక అట్ట చదివాను. బడి హాస్టల్లో ఒక పిల్లని అందరూ కలిసి ఏడిపిస్తుంటే, ప్రాణ స్నేహితురాలు చూస్తూ ఊరుకున్న కథట.

దీనికి తెలిసిపోయిందా అనుకున్నాను. 

తెలియాల్సింది ఏమిటంటే, తొంభైల చివర ఆ హాస్టల్లో దాన్ని ఏడిపించిన ఆట నేను మొదలుపెట్టింది. మాలో సగం మందిమి మిరప పండించే ఇళ్ల పిల్లలం. కల్లంలో ఎండిన కాయల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, తెల్లబారిన తాలుకాయల్ని ఏరి వేరే కుప్ప పోస్తుంటే, సెలవుల్లో మేమూ కూర్చునేవాళ్లం. ఒక ఆదివారం అన్నాల దగ్గర ఊసుపోక నేనొక పిల్ల భుజం తట్టి "తాలు" అన్నాను. ఆ పిల్ల నవ్వుతూ కంచం తీసుకుని గోడ దగ్గరకి పోయి కూర్చుంది. అందరికీ తెగ నచ్చింది. ఆ వారమంతా ఎవరో ఒకరు తాలు అయ్యారు.

ఆ శని, ఆదివారాలు నా స్నేహితురాలు పిడుగురాళ్లలో ఇంటికి వెళ్లొచ్చింది. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. సంచీ మీద, చెప్పుల మీద తెల్లటి దుమ్ము. ఇక వేరే తాలుని వెతకాల్సిన పని లేకపోయింది. ఆ ఏడాదంతా అది గోడ దగ్గరే తిన్నది. మొదటి రోజు అది అన్నాల దగ్గర లేదు కాబట్టి, ఆట ఎవరు మొదలుపెట్టారో దానికి తెలియదు. నేను చెప్పలేదు.

నవల రెండు రోజుల్లో చదివాను, చదివాను అనడం కంటే సోదా చేశాను అనాలి. ఎక్కడైనా పెన్సిలు గీత ఉందా, నాకోసం ఏదైనా గుర్తు పెట్టిందా అని ప్రతి పేజీ వెలుతురులో పట్టుకుని చూశాను. నూట చిల్లర పేజీల దగ్గర ఒక మూల మడిచి ఉంది. అక్కడ ఆ స్నేహితురాలు తలుపు చాటు నుంచి అంతా చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతుంది.

నవల బాగుందా అంటే చెప్పలేను. అన్నం గంట కొట్టగానే ఆ పిల్ల ఆకలి లేదని మంచం దిగని చోట పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. అంత నిజం. కానీ ఏడిపించే ఘట్టాలు రాసిన తీరు చూస్తే నాకు అనుమానం వచ్చింది. ఆ రచయిత్రి ఎవరో గానీ, దెబ్బలు తిన్న వైపు నుంచి రాసినట్టు లేదు, ఏడిపించడంలో రుచి బాగా తెలిసినట్టు రాసింది. చివర్లో ఆ పిల్ల స్నేహితురాలిని కావలించుకుని క్షమించేస్తుంది. అడగకుండానే. అది చదివి ఒళ్లు మండింది. క్షమాపణ కావలసినవాళ్లే కూర్చుని అలాంటి ముగింపు రాసుకుంటారు. ఆ మాట అనడానికి నాకేం అర్హత ఉందో అప్పుడు ఆలోచించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం సెల్‌కి అదే ఫోన్ చేసింది.

"చదివావటే?"

"చదివా. అసలెందుకు పంపావే నాకు?" నా గొంతు నాకే పోలీసు గొంతులా వినిపించింది.

"మా స్కూల్లో ఒక టీచరు ఇచ్చిందే. నాకు సగం దాకే చదవబుద్ధయింది. పేజీ మడిచా చూడు, అక్కడ ఆపేశా. స్నేహితురాలై ఉండి అట్టా వెళ్లిపోతుందా ఎవరైనా? నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు."

 చెవి దగ్గర సెల్ వేడెక్కింది.

"నువ్వు అట్టా చెయ్యలేదు కదే. పరీక్షలయ్యాక ఒక రోజు కంచం పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేశావు. నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. ఎవరూ రమ్మనకుండా. ఆ ఒక్క పూటతోనే నేను ఆ హాస్టల్లో ఉండగలిగాను, లేకపోతే బడి మానేసేదాన్ని. నీకు ఎప్పుడూ చెప్పలేదు. అందుకే పంపా."

వెళ్లిన మాట నిజమే. ముందు రోజు నాకు లెక్కల్లో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయని పిల్లలు కోపంగా ఉన్నారు. ఆ పూట అన్నం పెట్టించుకునే వరుసలో నా భుజం కూడా తట్టారు, గోడ దగ్గరున్న దానికి అది కనపడలేదు. నన్నూ ఏరి పారేశారు. గోడ దగ్గర కూర్చుని దానివైపు చూడకుండా గబగబా తిని లేచాను. మర్నాడు మళ్లీ వాళ్లలో కలిసిపోయాను.

"గుర్తుందా నీకు?" అంది.

"ఎందుకు గుర్తుండదే," అన్నాను. "నువ్వు ఒక్కదానివే కూర్చుంటే చూడలేకపోయాను."