తుపాను రోజుల్లో పెద్దమ్మ మీమ్‌లు

పెద్దమ్మ పోయిన వార్తకి నేను నవ్వే బొమ్మ పెట్టాను. దాచి లాభం లేదు. గాజువాకలో కూతురింటికి వెళ్లిన మనిషి అక్కడే పోయింది. పొద్దున్నే వేట బోట్లకెళ్లేవాళ్ల ఇంటి ఆడాళ్ల వాట్సాప్ గ్రూపులో, మెడలో పూలదండతో ఆవిడ ఫోటో వచ్చింది. కింద రాసింది చదవకుండానే నొక్కేశాను. నాలాగే మరో ఏడుగురు నొక్కారు. అంతకుముందు తుపానులో ఎండుచేపల దండ వేసుకుని, "సన్మానం సేసారే నాకు" అంటూ ఫోటో పంపిన మనిషి మరి!

సొంత పెద్దమ్మ కాదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర మా పక్కింట్లో ఉండేది, ఎండుచేపలు అమ్మేది. చదువు రాదు కాబట్టి ఆవిడ మీమ్‌లకు అక్షరాలుండవు. ఒక ఫోటో, దాని వెనకే ఆవిడ గొంతు. బోట్లు వేటకెళ్లాక టీవీలో వాయుగుండం అన్నారంటే చాలు, గ్రూపు నిండా దేవుడి పటాలు, మునిగిన పడవల వీడియోలు. అవి చూస్తే నాకు అన్నం దిగేది కాదు. అప్పుడు పెద్దమ్మ ఐసు పెట్టెలో ముడుచుకున్న పిల్లిని పంపేది. "ఈయనే వాతావరణం ఆఫీసరు. బయటికి సూడకండా సెప్పేత్తాడు."

ఒకసారి మా ఆయన బోటు మూడు రోజులు ఫోనుకి అందలేదు. గ్రూపులో ఆవిడ జోకులు మాత్రం ఆగలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంటిమీదికి వెళ్లి అరిచాను.

"నీ కొడుకూ ఆ బోట్లోనే ఉన్నాడు గదా, ఈ ఇకిలింపులేటి పెద్దమ్మా? నీకు గుండె నేదా?"

ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. "ఏడిత్తే బోటు బేగొచ్చేత్తాదేటే? కూకో, గంజి తాగు."

తాగాను. ఆ మూడు రోజుల్లో నా కడుపులో పడిందదే. నాలుగో రోజు బోటు వచ్చింది. అన్న మాటకు క్షమాపణ అడగలేదు. పక్కిల్లే కదా, ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను.

పెద్దకర్మ రోజు ఆ మాట ఆవిడ కూతురితో చెప్పుకుని ఏడ్చాను. కూతురు తన ఫోను తీసింది.

"గ్రూపుకి పంపే ముందు అమ్మ నాకు పంపీది, బాగుందో లేదో సెప్పమని" అంది.

అందులో ఆ మూడు రోజులవీ వెతికి వినిపించింది. ఒకే జోకు కోసం ఆరు రికార్డింగులున్నాయి. మేం గ్రూపులో విని నవ్వుకున్నది ఆరోది. మొదటిదాంట్లో జోకే లేదు. గాలి హోరు, ముక్కు చీదిన చప్పుడు, తర్వాత సన్నగా ఆవిడ గొంతు.

"నవ్వు రాట్నేదే. ఉండు, మళ్లీ సేత్తాను."