తలలో మాట కోసం సిరిసిల్ల దాకా

మస్కట్ వీసా వచ్చి రెండు వారాలైంది. ఇవాళ సాయంత్రం ఆరులోపు పోతావో ఉంటావో చెప్పకపోతే వేరేవాడికి ఇచ్చేస్తానని ఏజెంటు అన్నాడు. నాకేమో తేలడం లేదు. సిరిసిల్లలో ఇంజనీరింగ్ చదివే మేనకోడలు శ్రావణి దగ్గర మనిషి నిర్ణయాన్ని తలలోంచే చదివే మిషన్ ఉందట. ఏడో తరగతితో చదువు ఆపిన తలలో అది చదవడానికి ఏముంటుందో చూద్దామని, పొద్దున ఏడింటికి కోరుట్లలో బస్సెక్కాను.

జగిత్యాలలో ఇడ్లీ తిని బస్సు మారాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక సీట్లన్నీ వాళ్లవే. టికెట్ కొన్నవాణ్ణి నేను నిలబడ్డాను. నా పొడుగు జుట్టు ఒక అవ్వ మొహానికి తగిలింది.

"ఏంది కొడుకా గీ ఎంటికలు?"

"రాజన్న మొక్కు అవ్వా."

రాజన్న గుడి ఉన్న వేములవాడలో అవ్వ దిగుతూ, "మరి దిగవా?" అంది.

"పనున్నది," అన్నాను.

పదకొండింటికి కాలేజీలో శ్రావణి నా తలకు వైర్ల టోపీ తొడిగింది. "ఎడమ బటన్ ఉండుడు, కుడి బటన్ పోవుడు. నువ్వు నొక్కకముందే మిషన్ చెప్తది మామా. ముందుగాల నీ తల తీరు నేర్చుకోవాలె, గంటసేపు నొక్కుతనే ఉండు."

"గంటల నన్ను నేర్చుకుంటదా? మీ అత్తకు పన్నెండేండ్లాయె, ఇంకా రాలే."

గంట తర్వాత కూడా మిషన్, ఓట్లప్పుడు మా వాడకట్టులాగా, రెండు వైపులా మాటిస్తోంది.

"జుట్టు అడ్డమొస్తున్నది మామా, సిగ్నల్ అందుతలేదు. తీయించుకోరాదు?"

"గది రాజన్నది. వీసా అచ్చినంకనే ఇస్తనని మొక్కిన."

శ్రావణి చేతులు ఆగాయి. "వీసా అచ్చి రెండు వారాలాయె గద!"

నేను మళ్లీ బటన్ నొక్కబోయాను.

"మరెందుకు ఇయ్యలే? ఇస్తే పోవాలె గదా అని, అంతేనా?" టోపీ విప్పేసింది. "లే మామా. దీనికి మిషనెందుకు?"

వరండాలోకి వచ్చి ఏజెంటుకు ఫోన్ చేశాను. "నేను వస్తలేను," అన్నాను. ఆ తర్వాత ఆకలేసింది.

తిరుగు బస్సులో వేములవాడలో దిగి జుట్టు ఇచ్చేశాను. నేను పోకపోయినా దేవుడు వీసా ఇచ్చాడు కదా, ఆయన బాకీ ఆయనకే. ఈ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా: గుండు ముందు చేయించుకోండి, మిషన్‌కూ సుఖం, మీకూ సుఖం.

చీకటి పడేసరికి కోరుట్ల చేరాను. "గుండైందంటే ఫ్లైట్ ఎప్పుడే?" అని హోటల్ దగ్గర ముగ్గురు అడిగారు. చుట్టిన బీడీలు అప్పజెప్పి, మళ్లీ చుట్టడానికి తునికాకు మూటతో ఎదురొచ్చిన నా భార్య పద్మ కూడా గుండునే చూసింది. మొహం వాడిపోయింది.

"ఎన్నడు పోతున్నవ్?"

"పోతలేను."

"మరి గుండు?"

"దేవుడు మాట తప్పలే గద."

"గీ ముక్కకు సిరిసిల్ల దాక పోయినవా!" అని, చేతిలో మూట నా గుండు మీద పెట్టి ముందు నడిచింది. శ్రావణి టోపీ కంటే ఇదే బాగా అతికింది.