మొదటి ఆవిరి

లవాన్ కొవారిక్‌ను పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో వాసన చూసే గదికి మార్చిన రోజున సూపర్‌వైజర్ హార్లన్ ఆమెకు పని నేర్పాడు. "మైక్రోవేవ్‌లోంచి సంచీ తియ్యి. మూతి చింపి, మొహం దగ్గరపెట్టి, మొదటి ఆవిరి గుండెల్నిండా పీల్చు. వెన్న వాసన సరిపోయిందో లేదో అదే చెబుతుంది," అన్నాడు. చెప్పినంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. తన ముక్కు మీద ఆయనకు అంత నమ్మకం కాబోలనుకుని ఆమె సంతోషించింది.

కొన్నేళ్ళకు ఆమెకు కారు దిగి ఫ్యాక్టరీ తలుపు చేరడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అప్పుడు అదే హార్లన్ భోజనాల గదిలో అందరి ముందూ, "సిగరెట్లు తగ్గించు లవాన్, ఊపిరి దానంతటదే వస్తుంది," అన్నాడు. ఆమె జన్మలో సిగరెట్ ముట్టుకోలేదు. అయినా నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరంతా ఆ మాట పాకింది. చర్చిలో పక్కన కూర్చునే ఆడవాళ్ళు కూడా ఆమె కోటు వాసన చూడడం మొదలుపెట్టారు. ఊపిరి చాలక చివరికి ఉద్యోగం పోవడం కన్నా అదే ఆమెను ఎక్కువ కోసింది.

ఇదంతా ఎదురింటి ట్రెంట్‌కు తెలుసు. విని నవ్వినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ఇప్పుడు ఆమె చేసిన పని అతనే చేస్తున్నాడు.

కిందటి చలికాలం చివర్లో అతనికి దగ్గు పట్టుకుంది. జలుబనుకున్నాడు. మంచు కరిగింది, మొక్కజొన్న నిలువెత్తు ఎదిగింది, దగ్గు మాత్రం పోలేదు. కోతల్లో నాన్నకు సాయం వెళ్ళి, గింజలు పోసే ఎత్తయిన ఇనుప గాదె నిచ్చెన ఎక్కుతూ సగంలో ఆగిపోయాడు. "ఏరా, పైన పిట్టగూడేమైనా కనపడిందా?" అని కిందనుంచి నాన్న అరుస్తుంటే, జవాబివ్వడానికి ఊపిరి దొరక్క మెట్టును కరుచుకుని ఉండిపోయాడు. ఆ రోజునుంచి ఎదురింటి కిటికీవైపు చూడకుండా తల దించుకుని పోయేవాడు. అక్కడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్నది లవాన్ కాదు, తనేనని అనిపించేది.

శుక్రవారం సాయంత్రం ఊరంతా బడి మైదానంలో ఫుట్‌బాల్ ఆటకు పోయింది. ఎవరూ చూడరన్న ధైర్యంతో ట్రెంట్ రోడ్డు దాటాడు. ఉత్త చేతులతో వెళ్ళలేక, పనివాళ్ళకు ఊరికే ఇచ్చే పాప్‌కార్న్ పెట్టె పట్టుకెళ్ళాడు. వేరే ఏదీ తోచలేదు మరి.

లవాన్ జాలీతలుపు సగమే తెరిచింది. "అదక్కడే బయట పెట్టు నాయనా. కుక్కలు కూడా ముట్టవులే."

"క్షమించండి, నాకు తట్టలేదు."

"తట్టి ఉంటే ఆ గదిలో ఎందుకుంటావు? లోపలికి రా. పాప్‌కార్నే తినాలనుందా? సరే, పెడతాను."

సీసాలోంచి గింజలు తీసింది. ఎండి గట్టిపడ్డాయని రెండు చుక్కల నీళ్ళు చల్లి, మూతపెట్టి ముందురోజే కుదిపి ఉంచిందట. వాటిని పిల్లలకు తిండి కట్టిచ్చే మామూలు గోధుమరంగు కాగితం సంచీలో, అడుగు కప్పేంత మాత్రమే పోసి, మూతి రెండుసార్లు మడిచి మైక్రోవేవ్‌లో పెట్టింది. "పిన్ను కొట్టకు, నిప్పు రవ్వలొస్తాయి. పాప్‌కార్న్ బొమ్మున్న మీట నొక్కకు, దానికి చెవులు లేవు. నువ్వు విను." ప్రతి మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. లోపల గింజలు చిటపటలాడి, హోరెత్తి, మళ్ళీ తగ్గాయి. ఒక చిటపటకూ మరోదానికీ మధ్య ఆమె తన పేరు మెల్లగా చెప్పుకోగలిగినప్పుడు తీసేసింది. వెన్న విడిగా కరుగుతోంది.

"ఇదిగో, విప్పు."

ట్రెంట్ సంచీ విప్పాడు. విప్పిన చేతులే దాన్ని మొహం దగ్గరికి తెచ్చాయి. కళ్ళు మూసుకుని, గుండెల్నిండా పీల్చాడు.

చెయ్యి మీద ఛెళ్ళున దెబ్బ పడింది. పేలాలు నేలంతా చెదిరాయి. అందులో మొక్కజొన్న ఆవిరి తప్ప, ఫ్యాక్టరీలో కలిపే వెన్నవాసన మందేమీ లేదు. అయినా లవాన్ ఆ ఖాళీ సంచీని కాలితో దూరంగా నెట్టింది.

"ఎన్నాళ్ళనుంచి దగ్గుతున్నావు?"

"జలుబండీ..."

"నాతోనా అబద్ధం? మా కిటికీకి నీ దగ్గు వినపడదనుకున్నావా?" ఒక పేలం ఏరి బల్ల అంచున పెట్టింది. "నోరు బాగా తెరిచి ఊదు. పెదాలు బిగించకు. నేను ఊదితే అది కదలను కూడా కదలదు. నీ వయసువాడు ఊదితే అవతల పడాలి."

ట్రెంట్ ఊదాడు. పేలం బల్ల మధ్యదాకా దొర్లి ఆగింది. ఇంకోసారి ఊదబోతే దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా లవాన్ అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. "ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి పోకు. ఒమాహాలో పెద్దాసుపత్రికి పో," అంది చివరికి.

సోమవారం ఫ్యాక్టరీలో ట్రెంట్ సంచీ మూతి చింపి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏంటయ్యా, ముక్కు అద్దెకిచ్చావా?" గుమ్మంలోంచి హార్లన్ నవ్వాడు.

"మీరు రండి సార్. ఒక్కసారి మీరు పీల్చి చెప్పండి."

హార్లన్ నవ్వు ఆగింది. అడుగు మాత్రం లోపలికి పడలేదు. వెనక్కి పడింది. ట్రెంట్ ఏప్రన్ విప్పి బల్లమీద పడేసి బయటికొచ్చాడు. కారు దాకా వెళ్ళడానికి అతనికీ మధ్యలో ఆగాల్సి వచ్చింది.

ఒమాహా డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూశాడు. ఊపిరితిత్తి పాడైనంత మేర పాడైందనీ, తిరిగి రాదనీ చెప్పాడు. ఇంతటితో ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఆ రెండో మాటతోనే అప్పటినుంచి ట్రెంట్ నిద్రలేస్తున్నాడు.

లవాన్‌ను కూతురు తన ఊరికి తీసుకుపోయే రోజున అతను కారు దగ్గరికి వెళ్ళాడు. ఒమాహాలో ఏమన్నారో చెప్పాడు. భయంగా ఉందన్నాడు. ఆమె ధైర్యం చెప్పలేదు. కిటికీ అద్దం దించి, అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మెట్లెక్కేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకు. ఆగాల్సి వస్తే, పక్కనున్నవాళ్ళని ఏదో ఒకటి అడుగు. వాళ్ళకోసం ఆగావనుకుంటారు."