పది నిమిషాల బాబాయి

ఆ కార్ల మెకానిక్‌లో సద్గుణాలు చాలానే ఉండేవి గానీ, వాటన్నిటి నెత్తిమీద ఒక చాదస్తం కూర్చుని ఉండేది. పెట్రోలు ప్రెషర్ గేజీ తగిలించి దాని ముల్లును పది నిమిషాలు చూడందే ఆయన ఏ బండికీ ఒక్క బోల్టు విప్పేవాడు కాదు. అదీ తానొక్కడే చూస్తే సరిపోదు. బండి తెచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చుని, గేజీని రెండు చేతులతో పట్టుకుని, నోరెత్తకుండా చూడాలి. పెట్రోలు దగ్గర ఫోను పనికిరాదని ముందే దాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టించేవాడు. బల్ల మీద అలారం గడియారం ఒకటి, చెవిటివాడు కూడా ఉలిక్కిపడేంత గట్టిగా టిక్కుటిక్కుమంటుండేది. వీధంతా ఆయన్ని 'పది నిమిషాల బాబాయి' అనేది.

ఒకసారి ఒక పెద్ద ఆఫీసరు సూటూ బూటుతో వచ్చి కస్సుమన్నాడు.

"నేనెవరో తెలుసా?"

"తెలీదండీ. ముల్లుక్కూడా తెలీదు. కూర్చోండి."

ఆఫీసరు కూర్చున్నాడు.

మరోసారి, కారు పాడైంది నీ వల్లంటే నీ వల్లని కీచులాడుకుంటూ మొగుడూ పెళ్లాలు దిగారు. బాబాయి మొగుడి చేతిలో గేజీ, పెళ్లాం చేతిలో గడియారం పెట్టాడు. ఐదో నిమిషంలో ఆవిడకి నవ్వొచ్చింది. ఏడో నిమిషంలో ఆయనకీ వచ్చింది. పదో నిమిషానికి ఇద్దరూ ఏకమై బాబాయిని చూసి నవ్వుకున్నారు. ఆయన మాత్రం ముల్లునే చూస్తూ, "పంపు కాదు, ఫిల్టరు," అన్నాడు.

అలాంటి చోటికి ఒక మధ్యాహ్నం రెండున్నరకి నర్సమ్మ వచ్చి పడింది.

నర్సమ్మ పని ఇల్లిల్లూ తిరిగి, గడప దాటలేని పెద్దవాళ్లకు కట్లు మార్చడం, బీపీ చూడటం. ఆమె పాత కారు పొద్దున బుద్ధిగానే కదిలేది. ఒక ఇంట్లో పని ముగించుకుని వచ్చి తాళం తిప్పితే మాత్రం కుయ్యో మొర్రో అని మూలిగి మూలిగి, నల్లటి పొగ చిమ్మి గానీ లేచేది కాదు. ఆ మూలుగుడుకే ప్రతి ఇంట్లోనూ ఆలస్యమయ్యేది. అవతలి వర్క్‌షాపులో చూపిస్తే, పంపు పోయింది, ట్యాంకు దించాలి, మూడు రోజులు పడుతుందన్నారు.

ఆమెకి మూడు రోజులు లేవు. నాలుగింటికి ఒక తాతగారి దగ్గరుండాలి. మూడు వారాలుగా ఆయన బీపీ ఎప్పుడు చూసినా ఎక్కువే. ఈ రోజూ అలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్పించేద్దామని డాక్టరు చెప్పేశాడు. తాతగారికేమో తన కిటికీ, తన పిల్లి ఉంటే చాలు. పోయినసారి గంట ఆలస్యంగా పరిగెత్తుకెళ్లి, ఆయన తిడుతుండగానే చేతికి బీపీ పట్టీ చుట్టినప్పుడు, తిట్లన్నీ అయ్యాక మెల్లగా, "నన్నక్కడికి పంపకమ్మాయ్," అన్నాడు.

"బాబాయి గారూ, పంపు పోయిందట. త్వరగా చూడండి!"

"ఎవరన్నారమ్మా? గేజీ పెట్టి చూశారా?"

"లేదు, చెవి పెట్టి విన్నారు."

"చెవిని నమ్మకూడదు తల్లీ. కూర్చో."

ఆయన ఇంజను కాసేపు నడిపి ఆపేసి, గేజీ ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఇంజను ఆగినా లోపలి ప్రెషర్ నిలవాలి. నిలుస్తుందో లేదో పది నిమిషాలు చూడాలి."

"నాకూ బీపీ గేజీ ఉంది బాబాయి గారూ. నేను అర నిమిషంలో చూసేస్తాను."

"అమ్మో! అది నోరు తెరిచేలోగానే నువ్వు లేచి వెళ్లిపోతావన్నమాట!"

రెండు నిమిషాలకే ముల్లు జారి జారి అడుక్కి చేరింది.

"పడిపోయింది! ఇంక లేవనా?"

"ఇంకా ఎనిమిది నిమిషాలుంది."

"సున్నా కింద ఇంకేముంటుంది బాబాయి గారూ?"

"ఉంటే తెలుస్తుంది. మాట్లాడకు, ముల్లు చెప్పేది వినపడదు."

ఓ మూల సీటు కవర్లు కుడుతున్న ఆయన భార్య, అందరికీ పిన్ని, కిసుక్కున నవ్వి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. నర్సమ్మ చేతులు రెండూ ఖాళీ లేవు. పిన్నే చంటిపిల్లకి పట్టినట్టు తాగించింది. గ్లాసు ఖాళీ అయ్యాక గానీ నర్సమ్మకి పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లు తాగలేదని గుర్తురాలేదు. గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. బిగబట్టుకున్న భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

అలారం మోగింది. బాబాయి ఇంజను పక్కన, పెట్రోలు ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ నుంచి సన్నటి రబ్బరు గొట్టం పీకి వాసన చూసి, ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"పెట్రోలు వాసన!"

"ఇందులో గాలి తప్ప ఏదీ రాకూడదు. రెగ్యులేటర్ లోపలి పొర చిరిగింది. ఆగినప్పుడల్లా పెట్రోలు ఇటు కారి ఇంజను లోపల తడిసిపోతోంది. తెల్లారేసరికి ఆరిపోతుంది గనక పొద్దున మాత్రం లేస్తోంది. పంపు లక్షణంగా ఉంది, పాపం దాన్నెందుకు ఆడిపోసుకోవడం?"

అరగంటలో వేరే రెగ్యులేటర్ బిగించాడు. నర్సమ్మ తాళం అందుకోబోయింది.

"ఆగమ్మా. బాగైందో లేదో ముల్లు చెప్పొద్దూ?"

"మళ్లీ పది నిమిషాలా!"

మళ్లీ పది నిమిషాలే. ఈసారి ముల్లు గోడకి కొట్టిన మేకులా నిలబడింది.

డబ్బాలోంచి ఫోను తీసుకుంటూ నర్సమ్మ మెల్లగా అడిగింది. "పిన్నిగారూ, రెండు నిమిషాల్లోనే తెలిసిపోయింది కదా. మరి పది దేనికి?"

పిన్ని దారం పంటితో తెంపింది. "ముల్లుకి రెండు చాలమ్మా. ఒకప్పుడు ఒకతను చిందులు తొక్కుతూ వస్తే ఈయన గబగబా బాగుచేసి ఇచ్చేశాడు. అతను ఆ కోపంతోనే తోలి, ఆ మలుపులో గోడకి గుద్దాడు. చెయ్యి విరగడంతో పోయింది, దేవుడి దయ. అప్పట్నించీ మనిషి చల్లబడందే ఈయన తాళం ఇవ్వడు. ఆ మాట పైకంటే ఎవరు కూర్చుంటారు చెప్పు? అందుకని ముల్లు మీద పెట్టాడు."

"అక్కడేంటి గుసగుసలు?" అని ఇంకో కారు కిందనుంచి బాబాయి గొంతు వినిపించింది.

నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుండగా నర్సమ్మ తాతగారి గదిలో ఉంది. ఆయన అలవాటు కొద్దీ తిట్లు మొదలుపెట్టాడు. పట్టీ చుట్టబోయిన ఆమె చెయ్యి ఆగింది. బీపీ చూసే ముందు మనిషిని కుదురుగా కూర్చోబెట్టాలని చదువుకునే రోజుల్లోనే చెప్పారు. పరుగుల్లో ఆ ముక్క ఎప్పుడో ఎక్కడో జారిపోయింది. పిల్లిని ఆయన పక్కకి జరిపి, గేజీని ఆయన చేతుల్లో పెట్టింది.

"తాతగారూ, ఇది పట్టుకోండి. పది నిమిషాలు మాట్లాడకూడదు."

"ఎందుకటా?"

"ముల్లు చెప్పేది వినపడదు."

తాతగారు గేజీకేసి అనుమానంగా చూసి నోరు మూసుకున్నాడు. పది నిమిషాల తర్వాత చూస్తే బీపీ ఉండాల్సినంతే ఉంది. నమ్మకం కుదరక మరోసారి చూసింది. అంతే ఉంది. ఫోనులో సంగతంతా విని డాక్టరు, "అలాగైతే ఇంట్లోనే ఉండనీ. ఇకముందూ ఇలాగే చూడు," అన్నాడు. ఆమె మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది.

"ఇప్పుడు తిట్టొచ్చా?" అన్నాడు తాతగారు.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ గ్యారేజీకి వెళ్లి జరిగింది చెప్పింది. "మీ పది నిమిషాల పుణ్యమే బాబాయి గారూ."

"నాదేముందమ్మా, అంతా ముల్లే," అంటూ ఆయన తుడిచిన స్పానరే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"మీ బీపీ కూడా చూస్తాను. కూర్చోండి."

"నాకు బోలెడు పనుంది. అర నిమిషంలో కానీయ్!"

పిన్ని అప్పటికే గడియారానికి కీ ఇస్తోంది. నర్సమ్మ ఆయన చేతిలో స్పానరు లాక్కుని గేజీ పెట్టింది. పది నిమిషాల బాబాయి మొదటిసారి ఆ స్టూలు ఎక్కి, ముల్లును చూసి, గడియారాన్ని చూసి, భార్యను చూసి, ఒక్క నిమిషమైనా గడవకముందే,

"అయిందా?" అన్నాడు.