బయట ఉండే రోజులు

మా బాబాయి చేతులు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు పటపట కొరుకుతాను. ప్రత్తిపాడు దగ్గర ఊళ్ళో ఆయనకు పత్తి, మిరప సేద్యం. మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, ఆ చేతుల కింద బతికింది. కూరలో ఉప్పెక్కువైతే దెబ్బ, మిరపకు తెగులొస్తే దెబ్బ. నెలలో ఆమె బయట ఉండే రోజుల్లో మాత్రం ఆ ఇంట్లో చప్పుడు ఉండేది కాదు. మైల మనిషిని ముట్టుకోకూడదు, ముట్టుకోకుండా కొట్టడం కుదరదు. పిన్ని వసారా చివర చాప మీద హాయిగా నిద్రపోయేది. ఆ రోజుల కోసం ఎదురుచూసిన ఆడమనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆ నిద్ర ఆయనకు కంటగింపైంది. మిరపకోతల్లో పెళ్ళాం మూల కూర్చుంటే పనెలా సాగుతుందని సణిగేవాడు. ఎనభైల మొదట్లో, పిన్నికి ముప్పై నిండాయో లేదో, తెల్లబట్ట అవుతోందన్న వంకతో టౌనుకు తీసుకెళ్ళి గర్భసంచి తీయించాడు. మా వైపు అదేమీ వింత కాదు, పిల్లలు పుట్టాక అదెందుకు అనేవాళ్ళు. ఇక నెలంతా పని, నెలంతా దెబ్బలు. ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని, గుండె దడగా ఉంటోందని అమ్మతో చెప్పుకునేది.

కొన్నేళ్ళకు ఒక వేసవి పొద్దున మిరప కళ్ళంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ పిన్ని ఎడమచెయ్యి పట్టుకుని ఒరిగిపోయింది. అమ్మా నేనూ పక్కనే ఉన్నాం. బాబాయి వచ్చి, "ఏందే, నాటకాలాడతన్నావా? లెగు" అంటూ డొక్కలో తన్నాడు. ఆమె కాయల మీద బోర్లా పడింది. మళ్ళీ తన్నాడు. అమ్మ ఆయన జుట్టు పట్టుకుని వెనక్కి గుంజింది.

ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీ వచ్చి చూశాడు. ఇంకా నెలసరి వచ్చే వయసు కదా, ఈ ఈడు ఆడవాళ్ళకు గుండెపోటు రాదని, మిరప ఘాటు పట్టిందని చెప్పి సోడా తాగించాడు, గ్యాసుకు సూది వేశాడు. ఆపరేషన్ సంగతి ఆయనకు తెలియదు. పక్కనే నిలబడ్డ బాబాయి అది దాచాడు; దానికీ గుండెకూ ముడి ఉందని అమ్మకూ నాకూ తెలియదు.

మధ్యాహ్నానికి పిన్ని పెదాలు నల్లబడ్డాయి. ట్రాక్టరు మీద గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ పొట్ట మీద కుట్లు చూసి, అమ్మ వెంట తెచ్చిన పాత ఆస్పత్రి కాగితాలు అడిగి చదివింది. గుండెపోటేనంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారంది. నెలనెలా వాటిలో తయారయ్యే హార్మోను గుండె రక్తనాళాలను కాపాడుతుందని, చిన్న వయసులోనే అది ఆగిపోతే ఆ కాపు పోతుందని చెప్పింది. అదొక్కటే కారణమని తేల్చలేను గానీ, ఈ వయసుకు రావలసిన జబ్బు కాదండీ అంది.

అమ్మ వరండాలోకి వచ్చి చెప్పు తీసి బాబాయిని ముఖం మీద కొట్టింది. ఆయన ముక్కు పగిలి చొక్కా తడిసేదాకా కొడుతూనే ఉంది. ఎవరూ అడ్డం రాలేదు. నాకు కడుపు చల్లబడినంత సంతోషమైంది.

నేను లోపలికి వెళ్ళేసరికి పిన్ని డాక్టరమ్మ కొంగు పట్టుకుని ఉంది. మాట పైకి రావడం లేదు, ఆమె వంగి వినాల్సి వచ్చింది.

"తీసినయ్యి మళ్ళా పెడతారా అమ్మా? అయ్యి ఉంటే నెలకు నాలుగు రోజులన్నా నన్ను కొట్టడు."

డాక్టరమ్మ ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. పిన్ని ఆ మర్నాడే పోయింది.