మా ఇంటి ఫ్యామిలీ ఎమర్జెన్సీ

ఫ్యామిలీ ఎమర్జెన్సీ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఎవరూ చావలేదు, ఎవరికీ జబ్బు చేయలేదు, ఇల్లు తగలబడలేదు. మా అమ్మాయి పెద్దమనిషయింది. అంతే సంగతి.

అప్పుడు దానికి పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. ఆ వేసవిలో దాన్ని పది రోజుల అడ్వెంచర్ క్యాంప్‌కి పంపాం. దాని ఈడు పిల్లలు ఓ డజను మంది, ఇద్దరు గైడ్లు. ముందు కొండల్లో సామాను వీపున మోసుకుంటూ నడక, తర్వాత తాళ్ళు కట్టుకుని బండలెక్కడం, చివర్లో నదిలో రబ్బరు పడవల మీద రాఫ్టింగ్. పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. అవసరమైతే గైడ్లే తమ శాటిలైట్ ఫోన్ నుంచి ఇంటికి చేస్తారు. మేముండే శాన్ రామన్‌లో మా చుట్టుపక్కల పిల్లలందరూ వేసవి వస్తే మ్యాథ్ క్లాసులకీ కోడింగ్ క్లాసులకీ పోతుంటారు. ఇది మాత్రం రాఫ్టింగ్, రాఫ్టింగ్ అని మా ప్రాణం తీసింది.

నిజానికి దానికి నీళ్ళంటే భయం. చిన్నప్పుడు స్విమ్మింగ్ పూల్‌లో ఒకసారి మునిగి నీళ్ళు తాగింది. అప్పట్నుంచీ మెట్ల దగ్గరే కాళ్ళాడిస్తూ కూర్చునేది. క్యాంప్‌లో చేర్చుకోవాలంటే ఈత పరీక్ష పాసవ్వాలన్నారు. మొదటిసారి ఫెయిలయ్యి కార్‌లో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఎండలు ముదిరేదాకా రోజూ స్కూల్ నుంచి వచ్చి, చలికి పళ్ళు టకటకలాడుతున్నా ఈదింది. రెండోసారి పాసయింది. ఆ నది దానికి ఎంత ముఖ్యమో మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే చేశారు, అదీ నా కడుపుమంట.

వాళ్ళు నడక మొదలుపెట్టిన మర్నాడు సాయంత్రం మా ఆయన ఫోన్ మోగింది. గైడ్ ఒకావిడ చేసింది. కంగారేం లేదు, మీ అమ్మాయి మాట్లాడుతుందట అని దానికి ఇచ్చింది. ఆయన స్పీకర్ ఆన్ చేశారు.

"అమ్మా, ఐ గాట్ మై పీరియడ్. నేను ఓకే. గైడ్ నాకు అన్నీ ఇచ్చింది, హెల్ప్ చేసింది."

నేను ఫోన్ దగ్గరికి జరిగాను. "నొప్పిగా ఉందా తల్లీ?"

"కొంచెం. కానీ రాఫ్టింగ్ చెయ్యొచ్చు అంది. అమ్మా, నాన్నా, ప్లీజ్ ఎవ్వరికీ చెప్పొద్దు. నానమ్మకి కూడా. ప్రామిస్?"

"ప్రామిస్ బంగారం" అన్నారు మా ఆయన. నాకంటే ముందు ఆయనే అన్నారు. ఈ చెవులతోనే విన్నాను.

మా అత్తగారు అప్పుడు ఆరు నెలలకని వచ్చి మా దగ్గరే ఉన్నారు. మర్నాడు పొద్దున్న నేను కాఫీ కలుపుతుంటే వంటింట్లోకి వచ్చారు. "అమ్మాయ్, పిల్లకి ఎన్ని గంటలకయింది? నక్షత్రం చూడాలి. పంతులుగారు టైమ్ అడుగుతున్నారు" అన్నారు.

రాత్రికి రాత్రే పంతులుగారి దాకా వెళ్ళిందన్నమాట. మధ్యాహ్నానికి ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏంటక్కా, మేనమామని నేను. మీ అత్తగారు చెప్తే తెలియాలా నాకు? శనివారానికి ఫ్లైట్ బుక్ చేశాంలే, వస్తున్నాం" అన్నాడు నిష్ఠూరంగా. సాయంత్రానికి మా కాలనీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూప్ నిండా పూలు, దణ్ణాలు, కంగ్రాచ్యులేషన్స్. అందులో ఒకావిడ కొడుకు మా అమ్మాయి క్లాస్‌లోనే చదువుతాడు. ఆవిడకి మా పిల్ల నెలసరి కబురు దేనికండీ?

గరాజ్‌లో ఏదో సర్దుకుంటున్న మా ఆయన్ని పట్టుకుని కడిగేశాను.

"అమ్మకి చెప్పకుండా ఎలా ఉంటాను? శుభవార్తే కదా. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?" అన్నారు.

సిగ్గు సంగతి ఎవరడిగారు? అది దాని కబురు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో దానిష్టం. ఆ మాటే అన్నాను. ఆయన తలొంచుకుని విన్నారు. ఇంతలో మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి అసలు సంగతి బయటపెట్టారు. శనివారం పిల్లని పీట మీద కూర్చోబెట్టాలి, అందరినీ పిలిచేశారు. ఈలోగా అది అడవులు పట్టి, నదులు పట్టి తిరిగితే గాలీ ధూళీ సోకుతుంది. వెంటనే వెళ్ళి తీసుకొచ్చేయాలి.

"కుదరదు అత్తయ్యా. అది రాఫ్టింగ్ చేసే వస్తుంది. పీటా గీటా ఉంటే ఆ తర్వాత చూద్దాం, అదీ దానికి ఇష్టమైతే."

మా ఆయన నా వైపు చూసి "సరే" అన్నారు. నేను నమ్మాను.

మర్నాడు శాంటా క్లారాలో ఆఫీస్‌లో ఉండగా క్యాంప్ వాళ్ళు ఫోన్ చేశారు. ఒకమ్మాయి గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. మీ కుటుంబానికి వచ్చిన కష్టానికి చాలా బాధగా ఉంది, ఫ్యామిలీ ఎమర్జెన్సీ అని మీవారు చెప్పగానే పాపని గైడ్‌తో పంపించాం, ఇద్దరూ కొండ దిగుతున్నారు, మధ్యాహ్నానికి కింద ఫారెస్ట్ రేంజర్ స్టేషన్ దగ్గర ఉంటారు అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇంటికెళ్ళి ఆయన్ని కారెక్కించి నేనే డ్రైవ్ చేశాను. దారి పొడవునా తిడుతూనే ఉన్నాను. "ఇంకేం చెప్తే పంపిస్తారు వాళ్ళు? ఫంక్షన్ ఉందంటే నవ్వుతారు" అని ఆయన వాదన. ఆ మాట పిల్ల చెవిన ఎలా పడుతుందో ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

రేంజర్ స్టేషన్ ముందు అది తన బ్యాగ్ మీద కూర్చుని ఉంది. ముఖమంతా వాచిపోయింది. నేను కారు దిగగానే పరిగెత్తుకొచ్చి నా చేతులు, భుజాలు, చెంపలు తడిమింది.

"అమ్మా, ఐ థాట్ యు డైడ్" అంది. "నాన్న కాల్ చేశారని చెప్పారు. నువ్వు ఓకే అయితే నువ్వే కాల్ చేస్తావ్ కదా."

ఆ కొండ దిగినంతసేపూ నేను చచ్చిపోయాననే అనుకుంటూ దిగింది నా బిడ్డ.

"ఎవరికీ ఏం కాలేదు బంగారం" అన్నారు ఆయన నా వెనక నుంచి. "శనివారం నానమ్మ చిన్న ఫంక్షన్ పెట్టింది. అందరూ వస్తున్నారు. మామయ్య కూడా."

దానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత ఆయన వైపు తిరిగి "యు ప్రామిస్డ్" అంది. అరిచి గోల చేసినా బాగుండేది. మామూలుగానే అంది.

నేను గైడ్ దగ్గరికి వెళ్ళాను. ఎమర్జెన్సీ ఏమీ లేదు, మళ్ళీ పంపిస్తే తీసుకెళ్తారా అని అడిగాను. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మిగతా పిల్లలు రేపు సాయంత్రానికి నది దగ్గరికి దిగుతారనీ, సామాన్ల వ్యాన్ ఎలాగూ అటే వెళ్తోందనీ, అందులో తీసుకెళ్తాననీ చెప్పింది. బండలెక్కడం మాత్రం ఇక పోయినట్టేనంది. వెళ్తావా అని పిల్లని అడిగితే అప్పటికే బ్యాగ్ భుజానికి తగిలించుకుంటోంది.

"అమ్మ అందరినీ పిలిచింది. శనివారం ఎవరిని కూర్చోబెట్టాలి పీట మీద?" అన్నారు ఆయన.

"నువ్వు కూర్చో" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆ అలవాటు ఇంకా మానలేదు.

శనివారం మా తమ్ముడు పట్టుబట్టలతో దిగాడు. చుట్టుపక్కల వాళ్ళు చిమ్మిలి ఉండలు చేసుకొచ్చారు. అసలు పిల్లే లేని ఫంక్షన్‌లో అందరూ కూర్చుని శుభ్రంగా భోంచేసి వెళ్ళారు. మా అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. నాకూ ఏమీ లోటనిపించలేదు.

క్యాంప్ అయిపోయాక ఇద్దరం వెళ్ళి దాన్ని తీసుకొచ్చాం. ఎండకి మాడిపోయి, ముక్కు మీద తోలు లేచి ఉంది. వెనక సీట్లో నా పక్కన కూర్చుని ఒకటే మాటలు. బోటు ఒక పెద్ద సుడి దగ్గర గిర్రున తిరిగిందట. ఇది నీళ్ళలో పడిపోయిందట. "మునిగిపోయా అమ్మా. కానీ పైకి వచ్చేశా. గైడ్ నన్ను లాగింది. నెక్స్ట్ డే మళ్ళీ ముందు సీట్లోనే కూర్చున్నా." అన్నీ నాకే చెప్పింది. డ్రైవ్ చేస్తున్న నాన్నకి ఒక్క ముక్క చెప్పలేదు.

చాలా దూరం వచ్చాక ఆయనే ఉండబట్టలేక అడిగారు. "నువ్వు తిరిగి వెళ్ళాక పిల్లలు ఏమైనా అన్నారా బంగారం?"

"ఎవరు చచ్చిపోయారు అని అడిగారు. అందరూ."

"నువ్వేం చెప్పావు?"

"నిజం చెప్పలేను కదా" అంది కిటికీలోంచి చూస్తూనే. "నానమ్మ అని చెప్పా. అందరూ పాపం అని నదిలో ఫ్లవర్స్ వేశారు."

పెద్దవాళ్ళ గురించి అలాంటి మాట అనకూడదని దానికి చెప్పాల్సింది నేను. అద్దంలోంచి ఆయన కూడా నా వైపే చూస్తున్నారు, చెప్పమన్నట్టు.

"ఏం పూలే?" అని అడిగాను.