బాబాయి వంగ విత్తనం

ఉక్కునగరంలో ఒకప్పుడు మా పక్క క్వార్టర్లో ఉన్న బాబాయి పోయారని పిన్ని ఫోన్ చేసింది. "నిన్ను అడుగుతానే ఉండేవోరమ్మా" అంది. పదేళ్లుగా ఆయనకి ముఖం చూపించలేకపోయిన మనిషిని నేను.

ఆయనది స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పని. షిఫ్టు దిగి యూనిఫాం అయినా మార్చకుండా పెరట్లో వంగ మొక్కల దగ్గర కూర్చునేవారు. నీళ్లు పోసే ముందు మట్టిని అరచేతిలోకి తీసుకుని చూసేవారు. వేసవిలో నాలుగు కర్రలు పాతి పైన గోనెపట్టా కట్టేవారు. ఆ విత్తనం ఎలమంచిలిలో వాళ్లమ్మ దాచి ఇచ్చిందట. ఎండు తెగులుకి కాలనీలో అందరి వంగలూ వాలిపోయినా ఆయనవి నిలబడేవి. మొదటి కాయలు ఎప్పుడూ మా ఇంటికే వచ్చేవి.

తొంభైల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆ విత్తనం అడిగి తీసుకున్నాను. కాలేజీ అద్దాల గదిలో మొక్కలు పెంచి తెగులు అంటించాను. ఏప్రిల్లో కూలర్ చెడిపోయి గది కాగిపోయింది. పరీక్షల హడావిడిలో నేను పట్టించుకోలేదు. మొక్కలన్నీ చచ్చిపోయాయి.

"మీ వంగకి తెగులుని తట్టుకునే గుణమేమీ లేదు బాబాయ్" అని చెప్పాను.

ఆయన మొక్కల వైపు చూసి అడిగారు. "ఆ గది ఏపాటి వేడుందమ్మా?"

"వేడికీ తెగులుకీ ఏం సంబంధం?"

"నాకేటి తెలుసు తల్లీ. ఫర్నేస్ కాడ సూత్తన్నాను కదా, ఆ సెగలో కాలికి దెబ్బ తగిలినా మనిసికి తెలీదు. పానం కాపాడుకోడంలోనే ఉంటాడు. మొక్కా అంతేనేమో."

"ఫర్నేసు సంగతి మీకు తెలుసు, మొక్కల సంగతి నాకు తెలుసు" అన్నాను, నవ్వుతూ. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

"సదువుకున్న పిల్లవి, నువ్వు సెప్పాక ఇంకేటి" అన్నారాయన. ఆ ఆదివారమే మొక్కలన్నీ పీకేశారు. ఎవరైనా అడిగి తీసుకుంటే రోగానికి లొంగే విత్తనం పంచినట్టవుతుందని, దాచినది కూడా పొయ్యిలో వేసేశారు.

తర్వాత మధురవాడలో లెక్చరర్‌గా చేరి, పాఠం కోసం చదువుతుంటే తెలిసింది. వేడి ఎక్కువైనప్పుడు మొక్కను కాపాడే పనులు నడిపించే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. అవి పనిలోకి దిగితే కొన్ని మొక్కల్లో తెగులుతో పోరాడే శక్తి వెనకబడుతుంది. బాబాయి అడిగింది అదే. దాన్ని ఎన్నో బ్యాచులకి బోర్డు మీద రాసి చెప్పాను. రిటైరై ఎలమంచిలిలో ఉంటున్న ఆయనకి మాత్రం చెప్పలేదు. విత్తనం తిరిగి ఇవ్వలేనప్పుడు వట్టి మాట ఎలా పట్టుకెళ్లను అనుకునేదాన్ని. అది సాకు. నాది ఉత్త సిగ్గు.

మూడో రోజున ఎలమంచిలి వెళ్లాను. పెరట్లో నాలుగు కర్రలు, పైన గోనెపట్టా. కింద ఏమీ లేదు.

"వంగ మరి నాటలేదమ్మా" అంది పిన్ని. "ఏసవొచ్చిందంటే పట్టా మాత్రం కట్టేవోరు."

వంగి ఆ నీడలో మట్టిని అరచేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది.